గేర్‌బాక్స్ దించడం ఆఖరి పని

(విజయవాడ ఆటోనగర్‌లో కొత్తగా పనిలోకి వచ్చిన మెకానిక్‌లు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి బాబూ. బల్ల మీద కొన్ని సామాన్లు పెట్టాను, అవి మీరు చేత్తో పట్టుకుని చూడాలి. దూరం నుంచి వింటే ఈ విషయం సగమే ఎక్కుతుంది.

ఈరోజు పాత బండ్ల గేర్ల గురించి మాట్లాడతాను. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ కూడా ఆగింది. అంటే వీటిలో అన్నిటికన్నా ఆఖరున తయారైన బండికి కూడా పదేళ్లు దాటిపోయాయి. పదిహేనేళ్లు నిండి, ఫిట్‌నెస్ చేయించుకుని, రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుని తిరుగుతున్న బండ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని ఉంచుకున్నవాళ్లలో కొందరికి కొత్తది కొనే స్తోమత ఉండదు. కొందరికి అది నాన్నగారి బండి, అమ్మబుద్ధి కాదు. ఇద్దరూ షెడ్డుకి వచ్చి చెప్పే మాట ఒక్కటే: "గేరు పడట్లేదండీ." ఆ మాట వినగానే మనవాళ్లలో చాలామంది నోటి నుంచి వచ్చే జవాబు కూడా ఒక్కటే: "బాక్స్ దించాలి."

ఈ జవాబు మీకు అలవాటు కాకూడదు. దాని కోసమే ఇంత దూరం వచ్చాను.

గేరు పడకపోవడానికి కారణం చాలాసార్లు గేర్‌బాక్స్ బయటే ఉంటుంది. క్లచ్‌లో ఉంటుంది, కేబుల్లో ఉంటుంది, గేరు రాడ్డు కదిలే చోట ఉండే చిన్న గొట్టంలాంటి బుష్‌లో ఉంటుంది, ఇంజన్ మౌంటింగ్‌లో ఉంటుంది, పోసిన ఆయిల్లో ఉంటుంది. ఇవన్నీ చూశాక కూడా తేడా మిగిలితే అప్పుడు జాకీ పెట్టి బాక్స్ దించండి.

నేను పని నేర్చుకునే రోజుల్లో జరిగింది చెప్తాను. ఒక మారుతి 800 వచ్చింది. అప్పటికి రెండు రోజులుగా గేర్లు గట్టిగా పడుతున్నాయి, రివర్స్ వేస్తే గర్రుమంటోంది. మా మేస్త్రి పెళ్లికి ఊరెళ్లారు. నేనూ ఇంకో కుర్రాడూ కలిసి, క్లచ్ పోయిందని తేల్చేసి బాక్స్ దించాం. క్లచ్ ప్లేటు చూస్తే బాగానే ఉంది. దించాం కదా అని కొత్తది వేసేశాం. సాయంత్రానికి బిగించి స్టార్ట్ చేస్తే అదే గర్రు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. రాత్రి మేస్త్రి వచ్చారు. బండి కింద దూరలేదు, బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని క్లచ్ తొక్కారు. కిందకి వంగి, పెడల్ కింద చెయ్యి పెట్టి, కొత్త మ్యాట్ మడతని పైకి లాగారు. మళ్లీ తొక్కి రివర్స్ వేశారు. వెన్నలా పడింది. ఆ ఓనరు మూడు రోజుల ముందే సీటు కవర్లతో పాటు మందపాటి మ్యాట్లు వేయించుకున్నాడు. పెడల్ అడుగుదాకా దిగట్లేదు, అందుకని క్లచ్ పూర్తిగా విడట్లేదు. అంతే.

ఆ రోజు మేస్త్రి ఆ ఓనరు దగ్గర పైసా తీసుకోలేదు, ప్లేటు డబ్బులతో సహా. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "ముందు బండి మీద ఏం పని చేయించారని అడిగావా?" అని మాత్రం అన్నారు. నేను అడగలేదు. అప్పటి నుంచి అడగకుండా స్పానర్ పట్టుకోలేదు.

కాబట్టి మొదటి పరికరం మీ నోరు. తేడా ఎప్పుడు మొదలైంది? దానికి ముందు ఏ పని జరిగింది? అన్ని గేర్లకీ ఉందా, ఒక్క గేరుకేనా? పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, ట్రాఫిక్‌లో వేడెక్కాకా? పైకి మార్చేటప్పుడా, కిందకి దించేటప్పుడా? ఈ ప్రశ్నలకి జవాబు వచ్చేసరికి సగం రోగం తెలిసిపోతుంది. "అన్ని గేర్లకీ" అంటే మీ చూపు క్లచ్ వైపు, గేరు రాడ్డు వైపు పోవాలి. "ఒక్క సెకండ్‌కే" అంటే బాక్స్ లోపలి వైపు పోవాలి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇప్పుడు బండి ఎక్కుదాం. ఇంజన్ ఆపేసి ఉంచండి. క్లచ్ తొక్కి ఫస్టు, సెకండు, థర్డు, ఫోర్తు, రివర్సు వరుసగా వేసి చూడండి. ఒకటీ అరా గేరు పళ్లకి పళ్లు ఎదురుపడి ఆగితే బండిని కాస్త ముందుకీ వెనక్కీ కదిపి వేయండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అన్నీ సాఫీగా పడి, స్టార్ట్ చేశాక పడకపోతే అనుమానం క్లచ్ మీదే. ఇంజన్ ఆగి ఉన్నా బిగుసుకునే ఉంటే క్లచ్‌కి దానితో సంబంధం లేదు. రాడ్డు, బుష్‌లు, లోపల గేరుని ఎంచే సెలెక్టర్ వైపు చూడాలి. చూశారా, ఒక్క పరీక్షతో దారి రెండుగా చీలిపోయింది. దీనికి పట్టేది ఒక్క నిమిషం.

రెండోది రివర్స్ పరీక్ష. నాకు దీని మీద ఉన్నంత నమ్మకం ఏ మెషీన్ మీదా లేదు. పాత బండ్లలో చాలావాటికి రివర్స్ గేరుకి సింక్రో రింగు, అంటే గేరు పడేముందు వేగాలని కలిపే ఇత్తడి రింగు, ఉండదు. అందుకే అది అబద్ధం చెప్పదు. ఇంజన్ వేడెక్కనివ్వండి. ఐడిలింగ్ ఎక్కువుంటే ముందు దాన్ని సరిచేయండి, లేకపోతే పరీక్ష తప్పుతుంది. బండి నిలబడి ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కండి. తొక్కి అలాగే పట్టుకుని మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఇప్పుడు రివర్స్ వేయండి. క్లచ్ పూర్తిగా విడిపోయి ఉంటే ఆ ఐదు లెక్కల్లో లోపలి షాఫ్టు తిరగడం ఆగిపోతుంది, గేరు చప్పుడు లేకుండా పడుతుంది. ఐదు లెక్కపెట్టినా గర్రుమంటే ఆ షాఫ్టుని ఇంకా ఇంజన్ తిప్పుతూనే ఉంది. క్లచ్ పట్టుకుని లాగుతోందన్నమాట.

క్లచ్ ఎందుకు విడిపోదు? ఇక్కడ కూడా చవకైనదాని నుంచి మొదలుపెట్టండి. మ్యాట్ సంగతి చెప్పాను. తర్వాత పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ కదలకముందు పెడల్ ఉత్తగా దిగే దూరం. అది ఎంత ఉండాలనేది ఒక్కో బండికి ఒక్కో లెక్క, మాన్యువల్ చూడండి. మరీ ఎక్కువుంటే క్లచ్ విడదు, అసలు లేకపోతే క్లచ్ జారి ప్లేటు మాడుతుంది. కేబుల్ బండైతే కేబుల్ రెండు కొసలూ చూడండి. లోపలి తీగలో ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది, పైన కవరు బాగానే కనిపిస్తుంది. బానెట్ ఎత్తి ఒకరిని క్లచ్ తొక్కమని, కేబుల్ బిగించిన చోట ఇంజన్ వెనక రేకు వంగుతోందేమో చూడండి. పాత బండ్లలో అక్కడ రేకు పగలడం నేను చాలాసార్లు చూశాను. పెడల్ బలమంతా ఆ పగులులోకే పోతుంది. కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే ఒక్కసారి తొక్కితే పడని గేరు, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పడుతోందా? అయితే లైనులో గాలైనా ఉంది, పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ రబ్బరు కప్ అయినా పోయింది. క్లచ్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు కూడా ఎత్తి చూడండి, కింద తడి ఉంటే దొంగ దొరికినట్టే.

అంబాసిడర్ లాంటి బండ్లలో ఇంకోటుంది. గేర్‌బాక్స్ షాఫ్టు కొస, ఇంజన్‌లో తిరిగే క్రాంకు వెనక చిన్న బుష్‌లో కూర్చుంటుంది. ఆ బుష్ ఎండిపోయి షాఫ్టుని పట్టేస్తే, క్లచ్ ఎంత బాగా విడిపోయినా షాఫ్టు క్రాంకుతో పాటే తిరుగుతుంది. రివర్స్ పరీక్ష ఫెయిలవుతుంది, ప్లేటు కొత్తదే ఉంటుంది, మెకానిక్ తల పట్టుకుంటాడు. అందుకే క్లచ్ పనికి బాక్స్ దించినప్పుడల్లా ఆ బుష్‌లో వేలు పెట్టి చూడమని చెప్తాను.

ఈమధ్య ఇంకో రకం కేసు ఎక్కువగా వస్తోంది. పిల్లలు అమెరికాలో ఉంటారు, నాన్న పోయారు, బండి పోర్టికోలో రెండు వర్షాకాలాలు అలాగే నిలబడిపోయింది. సెలవులకి కొడుకు వచ్చి కొత్త బ్యాటరీ వేయిస్తాడు. ఇంజన్ స్టార్టవుతుంది కానీ ఒక్క గేరూ పడదు. ఇంజన్ ఆపితే అన్నీ పడతాయి. క్లచ్ ప్లేటు తుప్పుతో ఇంజన్ వెనక తిరిగే చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి, అతుక్కుపోయింది, అంతే. దీనికి వెంటనే బాక్స్ దించనక్కర్లేదు. విశాలమైన ఖాళీ స్థలానికి తోసుకెళ్లండి, ముందు ఎవ్వరూ ఉండకూడదు. ఇంజన్ వేడి చేసి ఆపండి. సెకండ్ గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి స్టార్టర్ కొట్టండి. బండి వెంటనే కదులుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. క్లచ్ తొక్కే ఉంచి యాక్సిలేటర్ ఇస్తూ వదులుతూ నడిపితే చాలాసార్లు ప్లేటు ఊడి వచ్చేస్తుంది. గోడ పక్కన, ఇంటి ముందు, పిల్లలు ఆడుకునే చోట ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ప్లేటు ఊడి వచ్చాక కూడా క్లచ్ అదురుతూ పట్టుకుంటుంటే అప్పుడు దించండి.

ఇప్పుడు ఈ రింగు తీసుకోండి. ఒకరి తర్వాత ఒకరు చూడండి. ఇదే సింక్రో రింగు, ఇత్తడిది. దీని లోపలి వైపు గోరుతో గీకండి. సన్నని గాడులు తెలుస్తున్నాయా? ఆ పక్కన పెట్టిన పాత రింగు మీద కూడా గీకండి. అద్దంలా నున్నగా ఉంది కదా. ఈ రెండింటికీ ఉన్న తేడాయే సెకండ్ గేరు పడటానికీ, గర్రుమనడానికీ ఉన్న తేడా.

కదిలే బస్సు ఎక్కేవాడు ఏం చేస్తాడు? పక్కనే నాలుగడుగులు పరుగెత్తి, బస్సు వేగం అందుకుని, అప్పుడు కాలు మోపుతాడు. నిలబడిన చోటు నుంచి కాలు పెడితే పడిపోతాడు. సింక్రో రింగు చేసేది ఆ నాలుగడుగుల పరుగే. గేరు పళ్లు కలవకముందే రింగు వెళ్లి గేరు పక్కన శంకువులా ఉండే కోనుని కరుచుకుని, రెండింటి వేగాన్నీ ఒకటి చేస్తుంది. కరుచుకోవాలంటే మధ్యలో ఉన్న ఆయిల్ పొరని కోయాలి. ఆ కోసే పని ఈ సన్నని గాడులది. అవి అరిగిపోతే రింగు ఆయిల్ మీద జారుతుంది, వేగం కలవదు, పళ్లు పళ్లని కొట్టుకుంటాయి. ఈ ఏర్పాటుని మొదట 1928లో కాడిలాక్ కార్లలో పెట్టారు. అంతకుముందు ఆ పరుగంతా డ్రైవరే తన కాళ్లతో చేయాల్సి వచ్చేది.

మన పాత తరం లారీ డ్రైవర్లకి ఈ విద్య బాగా తెలుసు. డబుల్ క్లచ్ అంటారు. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి చిన్న రేసు, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు. ఇదే మనకి ఒక పరీక్ష కూడా. రివర్స్ పరీక్షలో క్లచ్ పాసయింది, కానీ థర్డ్ నుంచి సెకండ్‌కి దించితే గర్రుమంటోంది అనుకోండి. రోడ్డు మీదికి తీసుకెళ్లి డబుల్ క్లచ్‌తో దించి చూడండి. అలా దించినప్పుడు మెత్తగా పడితే సెకండ్ సింక్రో అరిగిందని ఇంచుమించు తేలిపోయినట్టే. సాధారణంగా ముందు పోయేది కూడా సెకండే, పట్నం ట్రాఫిక్‌లో దానికున్నంత పని దేనికీ ఉండదు. ఇంకో మాట, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉండే పాత కాలమ్ గేరు అంబాసిడర్‌కి ఫస్ట్ గేరులో సింక్రోయే లేదు. బండి కదులుతుండగా ఫస్ట్ వేస్తే గర్రుమంటోందని ఎవరైనా వస్తే, ఆ బండికి అది రోగం కాదని చెప్పి పంపండి. ఆ మాటకి డబ్బులు తీసుకోకండి.

బాక్స్ విప్పాక రింగుని కోను మీద పెట్టి గట్టిగా నొక్కి తిప్పండి. పట్టుకోవాలి. తర్వాత రింగుకీ గేరు పళ్లకీ మధ్య సందు కొలిచే సన్నని రేకు, ఫీలర్ గేజ్, పెట్టండి. సుజుకీ బాక్సుల్లో అది అర మిల్లీమీటరు కంటే తగ్గితే రింగు మార్చాల్సిందే. చూడటానికి బాగుందని మళ్లీ వేయకండి. క్లచ్ లాగుతున్న బండికి కొత్త రింగు వేయడం ఇంకా పెద్ద తప్పు. ఇంజన్ తిప్పుతున్న షాఫ్టుని ఆ చిన్న ఇత్తడి రింగు ఆపలేదు, అరిగిపోతుంది. కొద్ది నెలల్లో అదే ఓనరు అదే గర్రుతో తిరిగొస్తాడు. అందుకే ముందు క్లచ్, తర్వాతే రింగు అని ఇంతసేపు మొత్తుకుంటున్నాను.

గేరు ఊడిపోవడం వేరే సంగతి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతున్నారు, సెకండ్‌లో ఇంజన్ బిగింపు మీద బండి ఆగుతూ దిగుతోంది. గేరు టక్కున న్యూట్రల్‌కి వచ్చేసిందంటే బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. దిగేవరకూ ఒక చేత్తో గేరు రాడ్డు, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని వచ్చామని చెప్పేవాళ్లు మీ దగ్గరికీ వస్తారు. అలాంటి బండి బాగయ్యేదాకా ఘాట్ రోడ్డు వైపు వెళ్లొద్దని గట్టిగా చెప్పండి.

ఇక్కడ కూడా ముందు బయటే చూడాలి. ఒకరిని నడపమని, మీరు పక్క సీట్లో కూర్చుని గేరు రాడ్డునే చూడండి. యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు రాడ్డు ఒక వైపు, వదిలినప్పుడు ఇంకో వైపు కదులుతోందా? అయితే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పోయి ఉంటుంది. ఇంజన్, బాక్స్ కలిసి ఊగుతూ గేరుని బయటికి లాగుతున్నాయి. మారుతిలో బండి కింద పొడుగ్గా వెళ్లే రాడ్డు బుష్‌లు అరిగినా గేరు పూర్తిగా లోపలికి వెళ్లదు, అంచు మీద నిలబడుతుంది, లోడు పడగానే జారుతుంది. ఈ రెండూ బాగుంటే అప్పుడు లోపల. రాడ్డుని పట్టి ఉంచే చిన్న బాలు, దాని స్ప్రింగు, గేరుని జరిపే షిఫ్టర్ ఫోర్కు, చివరికి గేరు పళ్లు. ఆ పళ్ల పక్కలు కొద్దిగా వాలుగా కోసి ఉంటాయి, లోడు పడేకొద్దీ ఇంకా లోపలికి బిగిసేలా. అవి అరిగి గుండ్రబడితే అదే లోడు గేరుని బయటికి తోస్తుంది. ఫోర్కు అరగడానికి డ్రైవర్ అలవాటు కూడా ఒక కారణం. నడుపుతున్నంతసేపూ చెయ్యి గేరు రాడ్డు మీదే వేసి ఉంచుతారు. ఆ చేతి బరువంతా ఫోర్కు మోస్తుంది.

కాలమ్ గేరు బండ్లు నడిపినవాళ్లకి ఇంకో అనుభవం ఉంటుంది. సిగ్నల్ దగ్గర రెండు గేర్ల మధ్య ఇరుక్కుని రాడ్డు ఎటూ కదలదు. బానెట్ ఎత్తి, కింద లివర్లని చేత్తో న్యూట్రల్‌కి తోసి మళ్లీ బయల్దేరతారు. అది లింకేజీ బుష్‌ల అరుగుదల. కొత్త బుష్‌లు, కాస్త గ్రీజు, సరైన అడ్జస్ట్‌మెంట్, అంతే.

చప్పుళ్ల గురించి క్లుప్తంగా చెప్తాను. బండి నిలబడి, న్యూట్రల్‌లో, ఇంజన్ తిరుగుతోంది. క్లచ్ వదిలి ఉన్నప్పుడు వినిపించే గరగర, తొక్కగానే ఆగిపోతే బాక్స్ లోపలి బేరింగు. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ని నొక్కి విడదీసే రిలీజ్ బేరింగు. అంబాసిడర్ లాంటి వెనక చక్రాల బండ్లలో అన్ని గేర్లలో మోగి, టాప్ గేరులో ఆగిపోయే చప్పుడుంటే కింది షాఫ్టు బేరింగులు చూడండి. టాప్‌లో ఆ షాఫ్టు మీద లోడు ఉండదు. క్లచ్ వదిలిన క్షణంలో ఒక్క 'టక్' వస్తే గేర్‌బాక్స్‌ని అనుమానించకండి, వెనక చక్రాలకి వెళ్లే షాఫ్టు కొసనున్న క్రాస్ జాయింటు పట్టుకుని తిప్పి చూడండి.

ఇక ఆయిల్. దీని మీద నాకు కోపం ఎక్కువ. చప్పుడు దాచడానికి చిక్కటి ఆయిల్ పోసి బండి అమ్మేస్తారు. కొన్నవాడికి చలికాలం పొద్దున్న గేరు పడదు. డిఫరెన్షియల్‌కి పోసే జీఎల్-5 ఆయిల్‌నే గేర్‌బాక్స్‌లోనూ పోసేవాళ్లున్నారు. మాన్యువల్ జీఎల్-4 అడిగితే జీఎల్-4 పోయండి. ఆయిల్లో కలిపే రసాయన మందు జీఎల్-5లో ఎక్కువ, కొన్ని రకాలు వేడిలో ఇత్తడిని తినేస్తాయి. రింగు కరుచుకోవడానికి కావాల్సిన పట్టు కూడా దొరకదు. ఆయిల్ మార్చేటప్పుడు ముందు లెవెల్ ప్లగ్గు విప్పండి, తర్వాతే డ్రెయిన్ ప్లగ్గు. పాత బండిలో పై ప్లగ్గు తుప్పు పట్టి రాకపోతే, కింద ఆయిల్ మొత్తం వదిలేశాక మీరేం చేస్తారు?

వచ్చిన ఆయిల్ని పళ్లెంలో పట్టి ఎండలోకి తీసుకెళ్లండి. బంగారు రజనులా మెరిస్తే రింగుల ఇత్తడి. ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు ఉంటే అది వయసు, భయం లేదు. ఇనుప ముక్క ఉంటే మాత్రం అప్పుడు దించాల్సిందే. ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో మీరంతా చూశారు. ఇంజన్ ఆయిల్ మార్చుకున్నారు, గేర్‌బాక్స్ ఆయిల్ మర్చిపోయారు. బాక్స్ పైన గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. వేడిగా ఉన్న బాక్స్ నీళ్లలో చల్లబడితే ఆ రంధ్రం గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లలో నిలబడిన బండి ఏదైనా గేరు తేడాతో వస్తే మొదట గేర్‌బాక్స్ ఆయిల్ ప్లగ్గు విప్పండి.

(ఒక విద్యార్థి: "సార్, పాత ఆటోమేటిక్ బండ్లకి ఎలా చూడాలి?")

మంచి ప్రశ్న బాబూ. వాటిలో మొదట ఆయిల్. డిప్‌స్టిక్ ఉన్న బండైతే, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో లెవెల్ చూడండి. చాలా బండ్లకి బాక్స్ వేడిగా, ఇంజన్ తిరుగుతూ ఉండగానే చూడాలి. ఆ చుక్కని తెల్ల గుడ్డ మీద వేయండి. ఎర్రగా ఉండాల్సింది నల్లబడి మాడువాసన వస్తే లోపల క్లచ్‌లు కాలాయి. లెవెల్ తక్కువుంటే గేరు ఆలస్యంగా పట్టుకుంటుంది. నింపితే సరిపోయిందని ఊరుకోకండి, ఎక్కడ కారిందో వెతకండి. అంతకు మించి నా పని కూడా చేతిగేర్ల మీదే, ఆటోమేటిక్ మీదే బతికే మేస్త్రి దగ్గరికి పంపిస్తాను.

బయట తెల్ల మారుతి ఒకటి పెట్టించాను. దానికో తేడా ఉంది, ఏంటో నేను చెప్పను. ఇద్దరిద్దరుగా ఎక్కండి. ముందు ఓనరుని అడగాల్సినవి అడగండి, ఆయన అక్కడే కుర్చీలో కూర్చున్నారు. తర్వాత ఇంజన్ ఆపి గేర్లు వేయండి, ఆ తర్వాత రివర్స్ పరీక్ష. ఐదు లెక్కపెట్టడం మర్చిపోకండి. స్పానర్లు మాత్రం ఇక్కడే బల్ల మీద వదిలి రండి.